ఖర్మా, కారణమా? – దుఃఖాన్ని గురించి బౌద్ధులు వేసిన ప్రశ్న

మన ఇళ్లలో ఎవరికైనా కష్టం వచ్చినప్పుడు మొదట వినిపించే మాట ‘ఖర్మ’. పంట పోయినా, ఉద్యోగం రాకపోయినా, పసిబిడ్డ జబ్బుపడినా ‘ఏం చేస్తాం, మన ఖర్మ’ అంటారు. ‘ఖర్మ కాలింది’ అనే జాతీయం కూడా ఉంది. సంస్కృతంలో ‘కర్మ’ అంటే చేసిన పని. ఆ మాట తెలుగు వాడుకలో ఒత్తు చేర్చుకొని ‘ఖర్మ’ అయ్యేసరికి అర్థం దాదాపు తిరగబడింది. పని అనే అర్థంతో మొదలైన మాట, చేయడానికి ఏమీ మిగలని స్థితికి పేరైంది. బళ్లారి తెలుగువారికీ, హోసూరు తెలుగువారికీ, బరంపురం, షోలాపూరు, యానాం తెలుగువారికీ ఈ మాట ఒకే అర్థంలో తెలుసు. ఊళ్లు వేరైనా, యాసలు వేరైనా, ఈ నిట్టూర్పు మాత్రం అందరిదీ ఒకటే.

‘మనం ఎందుకు పుట్టాం? ఎందుకు బాధపడుతున్నాం?’ అన్న ప్రశ్నకు బౌద్ధం చెప్పిన సమాధానం కూడా ఈ ‘ఖర్మ’ వంటిదేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. కోరిక వల్ల దుఃఖం, పూర్వకర్మ వల్ల జన్మ, కాబట్టి లోకమంతా ఏడుపే అని పాఠ్యపుస్తకాల్లో రెండు వాక్యాల్లో చెప్పి ముగించడం వల్ల ఈ అభిప్రాయం ఏర్పడి ఉండవచ్చు. బౌద్ధ గ్రంథాలనూ, శాసనాలనూ, శిల్పాలనూ దగ్గర పెట్టుకొని చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. దుఃఖాన్నంతా పూర్వకర్మకు అంటగట్టడాన్ని బుద్ధుడు స్పష్టంగా కాదన్నట్లు పాలి సుత్తాలు చెబుతున్నాయి. ఆ నిరాకరణకు దక్షిణాపథంలోనూ, కళింగంలోనూ ఆచరణ రూపం కూడా ఏర్పడింది. దాని ఆనవాళ్లు తెలుగునాట మాత్రమే గాక, తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన పొరుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటిని ఒక వరుసలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న మారిన తీరు

మజ్ఝిమ నికాయంలోని చూళమాలుంక్య సుత్తంలో మాలుంక్యపుత్తుడనే భిక్షువు బుద్ధుణ్ణి నిలదీస్తాడు. లోకం శాశ్వతమా, అశాశ్వతమా? దానికి అంతం ఉందా, లేదా? ఇవి చెబితేనే తాను సంఘంలో ఉంటానంటాడు. బుద్ధుడు వాటికి జవాబు చెప్పడు. విషబాణం దిగబడిన మనిషి సంగతి చెబుతాడు. వైద్యుడు వచ్చి బాణం తీయబోతే ఆ మనిషి ఒప్పుకోడు. కొట్టినవాడు క్షత్రియుడా, బ్రాహ్మణుడా, వైశ్యుడా, శూద్రుడా? పొడుగా, పొట్టా? ఏ ఊరివాడు? వింటినారి దేనితో చేసింది? ఇవన్నీ తేలితే గాని బాణం తీయనివ్వనంటాడు. అవి తేలేలోపు అతని ప్రాణం పోతుంది.

ఈ కథను ‘తాత్త్విక ప్రశ్నలు వృథా’ అన్న అర్థంలో ఉదాహరిస్తుంటారు. కాని ఇక్కడ గమనించదగింది మరొకటి ఉంది. ‘మనల్ని ఎవరు పుట్టించారు, ఏ ప్రయోజనం కోసం పుట్టించారు’ అన్న ప్రశ్నను బుద్ధుడు పక్కన పెట్టి, ‘ఏది ఉండటం వల్ల ఇది ఉంది, ఏది లేకపోతే ఇది ఉండదు’ అన్న ప్రశ్నను ముందుకు తెచ్చాడు. సారనాథ్‌లో చేసిన మొదటి ఉపదేశంలోని నాలుగు సత్యాల వరుస కూడా ఇదే: దుఃఖం, దాని పుట్టుక, దాని నిరోధం, నిరోధానికి మార్గం. రోగం, రోగకారణం, ఆరోగ్యం, చికిత్స అనే వైద్యుని క్రమంతో ఈ వరుసను ప్రాచీన వ్యాఖ్యాతలే పోల్చి చెప్పారు.

‘మనం ఎందుకు ఉన్నాం’ అన్నదానికీ సమాధానం ఈ దారిలోనే వస్తుంది. సంసారానికి తెలియవచ్చే మొదలు లేదని సుత్తాలు చెబుతాయి. కాబట్టి సృష్టికర్త కోసం వెతకవలసిన పని లేదు. ఇక ‘మనం’ అంటే ఎవరు? గ్రీకు రాజు మెనాండర్‌కూ భిక్షువు నాగసేనుడికీ మధ్య సంభాషణగా వెలసిన మిలిందపన్హలో ఈ ప్రశ్నకు రథం ఉపమానం చెప్పారు. చక్రాలు రథం కావు, ఇరుసు రథం కాదు, నొగ రథం కాదు. ఇవన్నీ కూడితే దానికి ‘రథం’ అని పేరు. శరీరం, అనుభూతి, గుర్తింపు, సంకల్పాలు, ఎరుక అనే ఐదు రాశులు కూడితే దానికి ‘మనిషి’ అని పేరు. ఈ కూడిక కారణాల వల్ల ఏర్పడింది, కారణాల వల్లనే మారుతుంది. మారేదాన్ని మారనిదిగా పట్టుకోబోవడం వల్ల కలిగే ఇబ్బందికే ‘దుఃఖం’ అని పేరు.

అందుచేత బౌద్ధంలో దుఃఖమంటే ఏడుపు ఒక్కటే కాదు. ఆ మాటను మూడు అంతస్తుల్లో వివరించారు. నొప్పి, జబ్బు, వియోగం వంటి కళ్లెదుటి బాధ మొదటిది. సుఖం నిలవకపోవడం వల్ల కలిగే బాధ రెండవది. కారణాల మీద ఆధారపడ్డ ఏ స్థితీ పూర్తిగా మన చేతుల్లో ఉండకపోవడమనే మౌలికమైన లోటు మూడవది. పండుగ నాడు కూడా మూడవది ఉంటుంది. దాన్ని చూసి ఏడవమని గాని, పండుగ మానుకోమని గాని బౌద్ధం చెప్పలేదు.

పన్నెండు కడియాల గొలుసు, తెలుగు మాటల చిక్కు

ఈ కారణక్రమానికి ప్రతీత్యసముత్పాదమని పేరు. ‘ఆధారపడి పుట్టడం’ అని దాని అర్థం. పన్నెండు కడియాలతో చెప్పే దాని వరుస ఇది: అవిద్య, సంస్కారం, విజ్ఞానం, నామరూపం, షడాయతనం, స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానం, భవం, జాతి, జరామరణం.

తెలుగు విద్యార్థికి ఇందులో ఒక విచిత్రమైన కష్టం ఎదురవుతుంది. ఈ మాటలన్నీ తెలిసినవే, కాని తెలిసిన అర్థంతో చదివితే గొలుసు తెగిపోతుంది. మనకు ‘అవిద్య’ అంటే చదువు లేకపోవడం. ఇక్కడ నాలుగు సత్యాలను ఎరగకపోవడం. ఎంత చదివినా ఈ అవిద్య ఉండవచ్చు. మనకు ‘సంస్కారం’ అంటే మర్యాద, లేదా దహన సంస్కారం వంటి కర్మకాండ. ఇక్కడ శరీరంతో, మాటతో, మనసుతో బుద్ధిపూర్వకంగా చేసే పని వేసే ముద్ర. ‘విజ్ఞానం’ మనకు సైన్సు. ఇక్కడ కేవలం ఎరుక. ‘నామరూపాలు లేకుండా పోయింది’ అని మనం సర్వనాశనానికి వాడతాం. ఇక్కడ నామం మానసిక భాగం, రూపం శరీర భాగం. షడాయతనం అంటే కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం, మనసు. ‘స్పర్శ’ చర్మానికి సంబంధించిందే కాదు. ఈ ఆరింటిలో దేనికైనా దాని విషయంతో, ఎరుకతో కలయిక.

‘వేదన’ దగ్గర పొరపాటు మరీ పెద్దది. మనకు వేదన అంటే బాధే. బౌద్ధ పరిభాషలో సుఖమూ వేదనే, దుఃఖమూ వేదనే, రెండూ కానిదీ వేదనే. ఈ తేడా తెలియకపోతే ‘బాధ వల్ల కోరిక పుడుతుంది’ అని తప్పుగా అర్థమవుతుంది. నిజానికి సుఖం కలిగినచోట ‘ఇంకా కావాలి’, దుఃఖం కలిగినచోట ‘ఇది పోవాలి’ అనే దప్పిక పుడుతుందని అక్కడి భావం. ఆ దప్పికే తృష్ణ. దాన్ని వదలకుండా పట్టుకోవడం ఉపాదానం. మన పల్లెల్లో పేద బ్రాహ్మణులు ఇంటింటికీ తిరిగి బియ్యం స్వీకరించడాన్ని ఉపాదానమనేవారు. పాలిలో ఈ మాటకు పట్టుకోవడమనే కాక, మంటకు అందించే కట్టె అనే అర్థం కూడా ఉంది. కట్టె అందకపోతే మంట ఆరిపోతుంది. ఆ ఆరిపోవడమే నిర్వాణం. రెండు మాటలూ ఒకే ఉపమానంలోవి.

‘జాతి’ విషయం కూడా అంతే. మనం ఈ మాటను కులానికీ, దేశప్రజకూ వాడుతున్నాం. ఈ గొలుసులో జాతి అంటే పుట్టుక మాత్రమే. పుట్టిన ప్రాణికి ముసలితనం, చావు తప్పవని చెప్పడానికి ఆ మాట వచ్చింది. ఏ ఇంట పుట్టాడన్న లెక్క అందులో లేదు.

తెలుగులో ఈ పాత అర్థాలు పూర్తిగా చెరిగిపోయాయని కూడా అనలేం. ‘విచారం’ అనే మాటనే చూడండి. తెలుగులో దానికి దుఃఖమనీ, పరిశీలన అనీ రెండర్థాలున్నాయి. ఒకరు విచారంగా ఉన్నారంటాం, కేసు విచారణకు వచ్చిందంటాం. బాధపడటమూ దాని కారణాన్ని వెతకడమూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి.

ఎనిమిది కారణాల్లో ఒకటి

ఇక అసలు విషయానికి వద్దాం. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు రాజగృహంలోని వేణువనానికి వచ్చి బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కానిదైనా అంతా పూర్వం చేసిన కర్మ వల్లనే అని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఆ మాట సరికాదని చెప్పి, అనుభవాలకు ఎనిమిది కారణాలు లెక్కపెడతాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసిన సన్నిపాతం, ఋతువుల మార్పు, దేహాన్ని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి వచ్చే దెబ్బ లేదా దాడి, ఎనిమిదవది కర్మఫలం. ఇవి ఎవరికి వారు గమనించి తెలుసుకోగలిగినవనీ, లోకం కూడా వీటిని ఒప్పుకుంటుందనీ అంటాడు. అంతా పూర్వకర్మే అనేవారు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటిపోతున్నారని ఆయన ఆక్షేపణ.

అంగుత్తర నికాయంలో ఇదే ఆక్షేపణ మరింత గట్టిగా ఉంది. అంతా పూర్వకర్మ అన్నా, అంతా ఈశ్వరుని సృష్టి అన్నా, దేనికీ కారణం లేదన్నా, ఈ మూడు వాదాలూ చివరకు ఒకే చోటికి చేరతాయని అక్కడ చెప్పారు. హత్య చేసినవాడు కూడా పూర్వకర్మ వల్లే చేశాడనవలసి వస్తుంది. అప్పుడు ‘ఇది చేయాలి, ఇది చేయకూడదు’ అన్న విచక్షణకూ, ప్రయత్నానికీ చోటు ఉండదు.

మిలిందపన్హలో నాగసేనుడు కూడా ఈ ఎనిమిది కారణాలనే రాజు ముందుంచుతాడు. దేవదత్తుడు దొర్లించిన రాతి పెచ్చు తగిలి బుద్ధుని పాదం గాయపడింది కదా, అన్ని పాపాలూ పోయినవాడికి ఆ బాధ ఎలా వచ్చిందని రాజు సందేహం. బాధలన్నీ కర్మ వల్ల పుట్టవన్నది నాగసేనుని సమాధానం. దేవదత్తుడే నాళగిరి అనే మదపుటేనుగును బుద్ధుని మీదికి ఉసిగొల్పిన కథను అమరావతి శిల్పి ఒక గుండ్రని ఫలకంపై చెక్కాడు. అది ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒక పక్క ఏనుగు తొక్కిడికి వీధిలో జనం చెల్లాచెదురవుతుంటారు, మరో పక్క అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లుతుంది. ఆ వీధిలో నలిగినవారి బాధకు కారణం ఏనుగును వదిలినవాడి ద్వేషమని కథ చెబుతుంది.

బౌద్ధంలో కర్మకు చోటు లేదని దీని అర్థం కాదు. చూళకమ్మవిభంగ సుత్తంలో అల్పాయుష్షు, రోగం, పేదరికం, హీనకులంలో పుట్టుక వంటివాటికి గతంలో చేసిన పనులను కారణంగా చెప్పిన మాట వాస్తవం. జాతక కథల్లోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. ఎనిమిదింటిలో కర్మ ఒకటన్న మాటా, మనుషుల మధ్య తేడాలకు కర్మే కారణమన్న మాటా రెండూ ఒకే పిటకంలో ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్న బిగువు బౌద్ధ చరిత్ర పొడవునా సాగింది. ఏ మాటకు ఎంత బరువు ఇచ్చారో తెలియాలంటే, ఆచరణలో ఏం చేశారో చూడాలి. అందుకు ఒక మంచి కొలత ఉంది. అది చెరసాల.

మూడు చెరసాలలు

దుఃఖమంతా ఎవరి కర్మ వారిదే అనుకుంటే, చెరలో ఉన్నవాడి బాధను గురించి పాలకుడు పట్టించుకోవలసిన అవసరం లేదు. అనుభవించవలసింది అనుభవిస్తున్నాడని ఊరుకోవచ్చు. కాని బౌద్ధ ప్రభావంలో వెలువడిన మూడు రచనలు, మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు ప్రాంతాల్లో, చెరసాల దగ్గరే ఆగి మాట్లాడాయి.

మొదటిది ఒడిశాలో ఉంది. అశోకుడు పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, కళింగాన్ని జయించాడు. లక్షమంది చనిపోయారనీ, లక్షా యాభై వేలమంది చెరపట్టబడి తరలించబడ్డారనీ, అంతకు ఎన్నో రెట్లు నశించారనీ తన 13వ శిలాశాసనంలో తానే చెప్పుకొన్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండ మీద ఆ శాసనం ఉంది. ఆంధ్రుల పేరు కూడా అందులో కనిపిస్తుంది. కాని ఓడిపోయిన కళింగంలో, ధౌలిలోనూ, గంజాం జిల్లాలోని జౌగడలోనూ, ఆ శాసనాన్ని చెక్కించలేదు. దానికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. మనుషులందరూ తన బిడ్డల వంటివారన్న ప్రసిద్ధమైన భావం వీటిలోనిదే.

మొదటి ప్రత్యేక శాసనం ధౌలిలో తోసలి నగర న్యాయాధికారులను ఉద్దేశించింది. మనుషులు కారణం లేకుండా చెరలో పడుతున్నారనీ, హింసకు గురవుతున్నారనీ, దానివల్ల మరెందరో బాధపడుతున్నారనీ అందులో ఉంది. ఇలా ఎందుకు జరుగుతున్నదో కూడా చెప్పాడు. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట అనే ఏడు గుణాలు అధికారుల్లో ఉండటం వల్లనేనట. ఇది ప్రతీత్యసముత్పాద సూత్రం కాదు, పరిపాలనాపత్రం. అయినా దుఃఖాన్ని చూసే పద్ధతి అదే. ఖైదీ పూర్వజన్మను కాక, అధికారి అలసటను కారణంగా పట్టుకొంది.

ఈ ప్రత్యేక శాసనాలు కళింగానికే పరిమితమని చాలాకాలం అనుకున్నారు. 1980లలో కర్ణాటకలో, కలబురగి జిల్లా సన్నతిలో, చంద్రలాంబ ఆలయంలోని ఒక రాతిపలకపై ఇవే శాసనాలు బయటపడ్డాయి. అక్కడికి దగ్గరలో ఉన్న కనగనహళ్లిలో 1990ల నుంచి జరిగిన తవ్వకాల్లో ఒక మహాస్తూపం, ‘రాయో అసోకో’ అనే పేరు చెక్కిన రాజు శిల్పం దొరికాయి. భీమా నది ఒడ్డున ఉన్న ఈ స్తూపం శిల్పశైలికి కృష్ణాతీరంలోని అమరావతితో దగ్గరి చుట్టరికం ఉంది.

రెండవ చెరసాల ఆంధ్రదేశానికి సంబంధించింది. క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతపు ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో దుఃఖాన్ని గురించి ఒక ప్రత్యేక ప్రకరణం రాశాడు. దుఃఖం తనవల్లనే కలిగిందా, పరులవల్ల కలిగిందా, ఇద్దరివల్లనా, కారణం లేకుండానా అని నాలుగు పక్షాలనూ పరీక్షించి నాలుగింటినీ తోసిపుచ్చాడు. కారణాల కూడికతో పుట్టిన దుఃఖానికి ఒక యజమానిని వెతకడం పొరపాటని దాని సారం. దుఃఖానికి స్థిరమైన స్వభావమే ఉంటే దాన్ని ఎవరూ తొలగించలేరనీ, అది శూన్యం కాబట్టే, అంటే ఇతర కారణాలపై ఆధారపడింది కాబట్టే, తొలగించే వీలుందనీ 24వ ప్రకరణం వాదిస్తుంది. శూన్యవాదం నిరాశావాదమనుకునేవారు ఈ ప్రకరణాన్ని తప్పక చదవాలి.

ఆయనదిగా ప్రసిద్ధమైన రత్నావళి ఒక రాజుకు చెప్పిన హితబోధ. ఆ రాజు సాతవాహనుడని సంప్రదాయం. ఈ గ్రంథం సంస్కృతంలో కొంతభాగం, టిబెటన్ అనువాదంలో పూర్తిగా దొరుకుతున్నది. దిక్కులేనివారిని, రోగులను, పేదలను పోషించమనడంతోపాటు ఇందులో ఖైదీల ప్రస్తావన ఉంది. బలహీనులను త్వరగా విడిచిపెట్టాలి, మిగిలినవారికి మంగలిని, స్నానాన్ని, అన్నపానాలను, మందును, బట్టను సమకూర్చాలి. తప్పుచేసిన కొడుకును దారికి తెచ్చే తండ్రి మాదిరిగా శిక్షించాలి గాని ద్వేషంతో కాదు. శూన్యతను అంత సూక్ష్మంగా చర్చించిన కలం నుంచే చెరసాలకు మంగలిని పంపమన్న మాట వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. దుఃఖానికి కారణాలు ఉన్నాయనుకున్నవాడికి గడ్డం పెరిగి, స్నానం లేక, జబ్బుపడ్డ ఖైదీ పరిస్థితిలో మార్చగలిగినవి కనిపిస్తాయి.

మూడవది తమిళనాడుకు చెందింది. సాత్తనార్ రచించిన తమిళ బౌద్ధ కావ్యం మణిమేకలైలో నాయిక చేతిలో అమృతసురభి అనే అక్షయపాత్ర ఉంటుంది. కావ్యం ఆకలిని ఒక రోగంగా భావిస్తుంది. మణిమేకల పుహార్ నగరంలోని చెరసాలకు వెళ్లి ఖైదీలకు అన్నం పెడుతుంది. రాజు మెచ్చి ఏం కావాలని అడిగితే, చెరసాలను ధర్మశాలగా మార్చమంటుంది. రాజు అలాగే చేస్తాడు. కరవు బారిన పడ్డ కాంచీపురంలోనూ ఆమె అన్నం పెడుతుంది. చివరి భాగంలో, అదే కాంచీపురంలో, అఱవణ అడిగళ్ అనే ఆచార్యుని వద్ద పన్నెండు కడియాల గొలుసును వింటుంది. కావ్యక్రమం గమనించదగింది. అన్నం ముందు, సిద్ధాంతం తరువాత.

గుమ్మంలో చక్రం

ఈ సిద్ధాంతం పండితుల మధ్యనే ఉండిపోలేదు. విహారం గుమ్మంలో ఐదు గతులతో, పన్నెండు నిదానాలతో భవచక్రాన్ని చిత్రించాలనీ, వచ్చినవారికి దాన్ని వివరించడానికి ఒక భిక్షువును నియమించాలనీ దివ్యావదానంలో ఉంది. చక్రం నడిబొడ్డున రాగానికి గుర్తుగా పావురం, ద్వేషానికి పాము, మోహానికి పంది ఉండాలి. మహారాష్ట్రలో, అజంతా 17వ గుహ వసారా ఎడమ కొసన, శిథిలమైనా పోల్చుకోదగ్గ స్థితిలో ఇటువంటి చక్రచిత్రం ఉంది. వాకాటక హరిషేణుని కాలపు, అంటే క్రీ.శ. 5వ శతాబ్ది నాటి గుహ అది. అక్షరం రాని వర్తకుడికీ, బాటసారికీ ‘మనం ఎందుకు ఇలా తిరుగుతున్నాం’ అన్నదానికి బొమ్మలో జవాబు చూపించారు.

ఒడిశాలోని రత్నగిరిలో 1958–61 మధ్య జరిగిన తవ్వకాల్లో ప్రతీత్యసముత్పాద సూత్రం చెక్కిన రాతిపలక దొరికింది. నాలందాలో ఇటుకల మీద రాసి స్తూపాల్లో పెట్టారు. ధాతువులను ఉంచవలసిన చోట ఒక కారణసూత్రాన్ని ఉంచడం విశేషం. గోదావరి పాయల మధ్య, కోనసీమలోని ఆదుర్రులో కూడా ఇటుక స్తూపం అవశేషాలున్నాయి. అమరావతి, నాగార్జునకొండల్లో స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలిపారు. బుద్ధుని పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం, తొలి ఉపదేశం, మరణం అనే ఐదు ఘట్టాలకు ఇవి గుర్తులని పండితుల వ్యాఖ్య. పుట్టుకకూ చావుకూ మధ్య చేయవలసింది ఉందన్న మాటను రాతిలో చెప్పినట్లయింది.

రెండు సందేహాలు: లక్ష్మీనరసు, అంబేద్కర్

ఆధునిక కాలంలో ఈ సిద్ధాంతంపై రెండు బలమైన సందేహాలు వచ్చాయి. అంతా దుఃఖమనే మతం నిరాశావాదం కాదా? పుట్టుకకు పూర్వకర్మను కారణంగా చెబితే, అణగారినవారి కష్టానికి వారినే దోషులను చేసినట్లు కాదా?

మొదటి సందేహాన్ని ఎదుర్కొన్నవారిలో ఇంటిపేరు చెప్పగానే తెలుగుతనం తెలిసే మద్రాసు ఆచార్యుడు పోకల లక్ష్మీనరసు (1861–1934) ముఖ్యుడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ, తరువాత పచ్చయప్ప కళాశాలలోనూ విజ్ఞానశాస్త్రాలు బోధించిన ఆయన 1907లో ఇంగ్లీషులో ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ ప్రచురించాడు. అందులో నిరాశావాదంపై ఒక అధ్యాయం, కులంపై మరో అధ్యాయం ఉన్నాయి. బౌద్ధాన్ని హేతుబద్ధమైన జీవనమార్గంగా చూపించే ప్రయత్నం అది. ఆ పుస్తకం 1948లో బొంబాయిలో మళ్లీ వెలువడినప్పుడు దానికి ముందుమాట రాసినవారు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. మద్రాసులోని ఒక తెలుగువాడి ఆలోచన ఆ విధంగా మహారాష్ట్రకు చేరింది.

రెండవ సందేహాన్ని అంబేద్కర్ స్వయంగా లేవనెత్తారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించిన ఆయన అదే ఏడు డిసెంబర్ 6న మరణించారు. 1957లో వెలువడిన ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’ ఉపోద్ఘాతంలో నాలుగు చిక్కు ప్రశ్నలు పెట్టారు. నాలుగు ఆర్యసత్యాలు మనిషికి ఆశ లేకుండా చేస్తున్నాయేమో, అవి బుద్ధుని అసలు బోధలోనివేనా అన్నది వాటిలో ఒకటి. ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా కుదురుతాయన్నది మరొకటి. గత జన్మ కర్మ ఈ జన్మలో పేదరికంగా, కులంగా వచ్చిందనే వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. దుఃఖంలో మనిషి మనిషికి చేసే అన్యాయాన్ని ప్రధానంగా చూశారు.

సంప్రదాయ బౌద్ధ పండితులు కొందరు ఈ వ్యాఖ్యతో ఏకీభవించలేదు. నాలుగు సత్యాలు ప్రాచీన బోధలో మూలస్తంభాలన్న వారి మాటను తేలిగ్గా తీసివేయలేం. అయితే అంబేద్కర్ ప్రశ్నకు పాలి సుత్తాల్లోనే ఆధారం లేకపోలేదు. మోళియ సీవకునికి చెప్పిన ఎనిమిదింటిలో ఏడవది, బయటినుంచి వచ్చే దాడి, కర్మఫలం నుంచి వేరుగానే లెక్కకు వచ్చింది. ఒకడి దెబ్బకు మరొకడి కర్మను పూచీ చేయడాన్ని బుద్ధుడే నిరాకరించాడు. ధౌలి శాసనం అధికారుల ఏడు దోషాలను పేర్కొన్నదీ ఈ దృష్టితోనే. కాబట్టి 1956 నాటి ప్రశ్నను బౌద్ధానికి బయటినుంచి వచ్చిన ప్రశ్నగా గాక, దాని లోపలి పాత చర్చకు కొనసాగింపుగా చూడటం చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

విద్యార్థులు చూడవలసినవి

పైన చెప్పిన ఆధారాల్లో ఏదో ఒకటి మన చదువరుల్లో చాలామందికి ఒక రోజు ప్రయాణంలోనే ఉంది. బరంపురంవారికి జౌగడ, కలబురగివారికి సన్నతి, చెన్నైవారికి ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలు, మహారాష్ట్రవారికి అజంతా, యానాంవారికి ఆదుర్రు దగ్గర. ఇవన్నీ ఆయా రాష్ట్రాల చరిత్రలుగా విడివిడిగా బోధించబడుతున్నాయి. తెలుగుతోపాటు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో తెలిసిన విద్యార్థికి వీటిని కలిపి చదవగల సౌకర్యం ఉంది. మణిమేకలైని తమిళంలో చదవగలిగి, అమరావతిని గురించిన తెలుగు రచనలను కూడా చదవగలిగినవారు తక్కువ. ఆ పని రాష్ట్రాల సరిహద్దుల్లో పెరిగినవారి వల్లనే కావాలి.

అలా చదివేటప్పుడు వాడుకలోని ‘ఖర్మ’ను పక్కన పెట్టడం మొదటి మెట్టు. మనం ఎందుకు ఉన్నాం, ఎందుకు బాధపడుతున్నాం అన్నదానికి బౌద్ధం ఒకే మాటలో జవాబు ఇవ్వలేదు. ఎనిమిది కారణాలని ఒకచోట, పన్నెండు కడియాలని ఒకచోట, ఏడు దోషాలని ఒకచోట, ప్రతిసారీ లెక్కపెట్టి చూపించింది. లెక్కలు వేరైనా వాటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: కారణం ఉన్న బాధకు చేయదగ్గది ఏదో ఒకటి ఉంటుంది. జబ్బుపడ్డ బిడ్డ ఉన్న ఇంట్లో ‘ఖర్మ’ అని కూర్చోవడానికీ, ఏ కారణం వల్ల వచ్చిందో చూడటానికీ ఉన్న తేడా ఎంతో, ఈ రెండు ఆలోచనల మధ్య తేడా కూడా అంతే.